స్కైలాబ్ నమూనా దగ్గర ముందు నేల చూడండి

హ్యూస్టన్ స్పేస్ సెంటర్‌కి పిల్లల్ని తీసుకెళ్తే అక్కడి స్కైలాబ్ (అమెరికా మొదటి అంతరిక్ష కేంద్రం) శిక్షణ నమూనా దగ్గర తొందరపడకండి. 1973-74లో మూడు బృందాలు స్కైలాబ్‌లో ఉన్నాయి, చివరి బృందం ఏకంగా 84 రోజులు. నమూనాలో ఏ వస్తువు కనిపించినా పిల్లల్ని ఒకటే అడగండి: "ఇది తేలిపోకుండా ఏది ఆపుతోంది?"

మొదట నేల. అది నున్నటి పలక కాదు, త్రిభుజాల జాలీ. వ్యోమగాముల బూట్ల అడుగున అదే ఆకారంలో ఒక ముక్క ఉండేది. దాన్ని జాలీలో దూర్చి కాస్త తిప్పితే పాదం బిగుసుకునేది, రెండు చేతులూ పనికి దొరికేవి. పాదానికి పట్టు లేకపోతే స్క్రూ తిప్పబోయిన మనిషే గిర్రున తిరుగుతాడు. నా లెక్కలో అక్కడ అన్నిటికంటే తెలివైన వస్తువు ఆ జాలీయే.

తర్వాత స్నానం సంగతి చెప్పండి. మడత పెట్టే గుడ్డ గొట్టంలో నిలబడి, మనిషికి దాదాపు 3 లీటర్ల నీళ్ళు. బరువు లేని చోట నీళ్ళు కిందికి కారవు, ఒంటికే అంటుకుంటాయి. వాటిని వాక్యూమ్ గొట్టంతో పీల్చాలి. అందుకే ఒక్క స్నానానికి రెండున్నర గంటల దాకా పట్టేది.

నిద్ర సంచులు గోడకి నిలువుగా ఉంటాయి. పడుకోవడం, నిలబడటం అక్కడ ఒకటే కాబట్టి అలా చోటు కలిసొచ్చేది.