తక్కువ ఖర్చులో ఆగని డేటాబేస్: ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఎలా పెట్టుకోవాలి?

ఫెయిలోవర్ అంటే ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి దాని పని అందుకోవడం. మూడు చిన్న సర్వర్లు తీసుకోండి, మూడూ వేర్వేరు యంత్రాల మీద. రెండింటిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాన్ని నడిపించే పాట్రోని, వెబ్ సర్వర్; మూడింటిలోనూ ఎవరు లీడరో తెలిపే తాళాన్ని ఓట్లతో కాపాడే ఈటీసీడీ. రాతలు తీసుకునే లీడర్ డేటాబేస్ ప్రైమరీ, దాని కాపీ రెప్లికా. మూడోది ఓటు వేయడానికే కాబట్టి చౌకది చాలు, ఎస్ఎస్‌డీ డిస్క్ మాత్రం ఉండాలి.

వీటి ముందు, వచ్చే కనెక్షన్లను సరైన సర్వర్‌కు పంపే హెచ్ఏప్రాక్సీ; దానికి కీప్‌అలైవ్‌డీతో ఉమ్మడి ఐపీ, అంటే ఒక సర్వర్ పోతే ఇంకోదానికి మారే చిరునామా. 8008 పోర్టులో ‘/ప్రైమరీ’ని అడిగితే పాట్రోని లీడర్ ఒక్కటే 200 (‘సరే’) అని జవాబిస్తుంది, రాతలన్నీ అటే పంపండి. యూజర్ సెషన్లు (లాగిన్ గుర్తులు) సర్వర్ డిస్క్‌లో దాచకండి, ఇంకో సర్వర్‌కు అవి కనిపించవు. ఇంతవరకూ ఒక పూట పని.

అసలు ప్రమాదం ఓట్ల దగ్గరే. చాలామంది రెండే సర్వర్లు పెట్టి, ‘పింగ్ అందకపోతే నేనే ప్రైమరీ’ అనే స్క్రిప్ట్ రాసేస్తారు. నేనూ రాశాను. ఒకరోజు రెండింటి మధ్య నెట్‌వర్క్ తెగింది. సర్వర్లు రెండూ బాగానే ఉన్నాయి, ఎదుటిది పోయిందని నమ్మి రెండూ ప్రైమరీ అయిపోయాయి. ఒకే ఆర్డర్ నంబరు ఇటు ఒకరికి, అటు ఇంకొకరికి పడింది. ఆ వరసలను చేత్తో విడదీయడానికి రెండు రాత్రులు పట్టింది. సైట్ కాసేపు ఆగినా అంత నష్టం ఉండేది కాదు.

మూడు ఓట్లుంటే మెజారిటీ రెండు. ఒంటరిగా మిగిలిన ప్రైమరీ ఈటీసీడీలో తాళం పొడిగించుకోలేక తనే దిగిపోతుంది. అయితే పాట్రోనియే బిగుసుకుపోతే దింపేవాళ్లుండరు. అందుకే వాచ్‌డాగ్ (పాట్రోని ఉలకకపోతే యంత్రాన్ని రీబూట్ చేసేది) తప్పనిసరి: లైనక్స్ కర్నెల్‌లో దాని మాడ్యూల్ సాఫ్ట్‌డాగ్ లోడ్ చేసి, పాట్రోనిలో మోడ్ ‘రిక్వైర్డ్’ అని పెట్టండి. ఇది వదిలేసిన సెటప్‌ను నేను ఒప్పుకోను.

తాళం గడువు, అంటే టీటీఎల్, 30 సెకన్లు డిఫాల్ట్. త్వరగా మారాలని దాన్ని తగ్గించకండి; నెట్‌వర్క్ కాస్త నెమ్మదించినా లీడర్ మారిపోతూ ఉంటుంది. సింక్రనస్ మోడ్ (రెప్లికాకూ చేరాకే రాత ఖరారు) ఆన్ చేయండి, లేకపోతే ఫెయిలోవర్‌లో చివరి రాతలు పోవచ్చు. రెప్లికా పడిపోతే పాట్రోని తాత్కాలికంగా సింక్ వదిలేసి రాతలను కొనసాగిస్తుంది. ఆ సమయంలో అలర్ట్ రావాలి.

రెప్లికాను బ్యాకప్ అనుకోకండి. పొరపాటున కొట్టిన డిలీట్ క్షణాల్లో అక్కడికీ చేరుతుంది. బ్యాకప్ వేరే చోట ఉండాలి.

పరీక్షించేటప్పుడు సర్వీస్‌ను మర్యాదగా స్టాప్ చేయకండి. అలా చేస్తే పాట్రోని తాళం అప్పగించి వెళ్తుంది, నిజమైన ప్రమాదం అలా రాదు. ప్రైమరీకి కరెంటు తీసేయండి. ఇంకోసారి నెట్‌వర్క్ తెంచండి. లీడర్ మారాక పాత సర్వర్‌ను తిరిగి కలిపి, ‘పాట్రోనిసీటీఎల్ లిస్ట్’ కమాండ్‌లో అది రెప్లికాగా చేరిందో లేదో చూడండి. చేరకపోతే పీజీ రివైండ్ (పాత ప్రైమరీని కొత్తదానితో సరిపోల్చి కలిపే సాధనం) సెట్టింగ్ సరిచేసి, మళ్లీ కరెంటు తీయండి.