కుంగుబాటుకు కారణం దొరికిందన్న వార్తను ఎలా చదవాలి?

విజయవాడలోనైనా, గుంటూరులోనైనా, పేపరులోని ఆరోగ్యం పేజీ చూసినా, బంధువుల వాట్సాప్ గ్రూపు తెరిచినా "డిప్రెషన్‌కు అసలు కారణం ఇదే" అన్న శీర్షిక ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. అది చదివి మాత్రలు మానేసేవారూ ఉంటారు కనుక మొదటి జాగ్రత్త చదవడానికి ముందే తీసుకోవాలి: వార్త ఏదైనా సరే, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడకుండా మోతాదు మార్చకూడదు. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, నిద్ర పట్టకపోవడం, ఆందోళన వంటివి రావచ్చు.

ఆ తరువాత, వార్త చెబుతున్నది జబ్బు కారణం గురించా, మందు పనితీరు గురించా అన్నది చూడాలి. ఈ రెంటినీ కలగలపడం శాస్త్రవేత్తలకూ కొత్త కాదు. 1950లలో క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ రోగుల్లో హుషారు పెంచుతోందని గమనించారు. అది మెదడులో సెరటోనిన్ వంటి రసాయనాలను పెంచుతుందని తెలిశాక, అవి తగ్గడమే కుంగుబాటుకు మూలమన్న ఊహ 1960లలో బలపడింది. 2022లో బ్రిటన్ మానసిక వైద్యురాలు జొయానా మోంక్రీఫ్ బృందం అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని ప్రకటించింది. దాన్ని కొందరు "మందులన్నీ వృథా" అని ప్రచారం చేశారు. అయితే 2018లో 522 ప్రయోగాలను, 1,16,477 మంది రోగుల వివరాలను కలిపి చూసినప్పుడు, పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర (మందు లేని మాత్ర) కన్నా మెరుగ్గానే పనిచేశాయి. ఆ మెరుగు సగటున ఓ మోస్తరుదే. మొదటిది జబ్బు కారణం గురించి, రెండోది మందు పనితీరు గురించి కనుక ఈ రెండు ఫలితాలూ ఒకదానినొకటి కొట్టివేయవు.

జన్యువుల వార్త అయితే ఎంతమందిని పరీక్షించారో వెతకండి. సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు, జీవితంలోని కష్టాలతో కలిసి కుంగుబాటు తెస్తుందని 2003లో న్యూజిలాండ్‌లో సుమారు 850 మందిని పరిశీలించి చెప్పినప్పుడు ఎంతో సంచలనమైంది. 2019లో లక్షల మంది సమాచారంతో పరీక్షిస్తే, అలా పేరుపడిన 18 జన్యువుల్లో ఏదీ నిలబడలేదు. అదే ఏడాది 8 లక్షలకు పైగా మందిపై జరిగిన మరో అధ్యయనంలో 102 జన్యు తేడాలు బయటపడ్డాయి, కానీ ఒక్కొక్కదాని ప్రభావం అతి స్వల్పం. కవలలపై అధ్యయనాలు వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతమంటాయి. ఇది జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలకు సంబంధించిన లెక్క మాత్రమే, ఒకరి జబ్బులో జన్యువుల వంతు కాదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు "వాళ్ల వంశంలోనే ఉంది" అని తేల్చేసేవారికి ఈ అంకె ఏ మద్దతూ ఇవ్వదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, ఏది ముందు, ఏది తరువాత అన్నది. గుంటూరు మిర్చి కౌలు రైతుల్లో అప్పు ఎక్కువున్నవారికి కుంగుబాటు కూడా ఎక్కువని ఒక సర్వే చెప్పిందనుకుందాం. అప్పు మనసును కుంగదీసి ఉండవచ్చు. కుంగిన మనిషి సేద్యం చూసుకోలేక అప్పులపాలై ఉండవచ్చు. పంట నష్టమో, తాగుడో రెండింటికీ మూలమై ఉండవచ్చు. ఒక్కసారి వెళ్లి అడిగి వచ్చిన సర్వే వీటిని విడదీయలేదు. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించారా అని చూడండి.

ఎలా కొలిచారన్నదీ ముఖ్యమే. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం గత రెండు వారాల స్థితిని అడుగుతుంది. 27కు 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అనుమానించాలన్నది వాడుక, అది రోగ నిర్ధారణ కాదు. ఎవరిని కొలిచారన్నదీ చూడాలి: బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. ఎలుకలపై చేసిన ప్రయోగమైతే మనుషులపై ఫలితం వచ్చేదాకా ఆగవచ్చు.

పరిశోధనాపత్రం సారాంశం పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధనల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో సంఖ్య, కాలవ్యవధి, పోల్చిన గుంపు గుర్తించి, ఆ కాగితాన్ని గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో మానసిక వైద్యులకు చూపించి, "దీనివల్ల నా చికిత్సలో మార్చవలసింది ఏమైనా ఉందా?" అని అడగండి. అంతవరకు ఆగలేని పరిస్థితి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే, ఏ వేళలోనైనా మాట్లాడవచ్చు.