గార మండలంలో క్యారవాన్‌తో ఒక రోజు: శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం

వంటకీ పడకకీ వీలున్న క్యారవాన్ బండిలో శ్రీకాకుళం తీరమంతా ఒక్క రోజులో చుట్టేద్దామంటే పొద్దంతా హైవే మీదే గడిచిపోతుంది. బారువ లైట్‌హౌస్‌ని ఇంకో రోజుకి ఉంచండి. గార మండలం ఒక్కటి చాలు. శ్రీకూర్మం గుడి, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం లైట్‌హౌస్ మూడూ అందులోనే ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి వెళ్ళి తిరిగొచ్చినా వంద కిలోమీటర్లు దాటదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే, పలాస దగ్గర తీరం దాటింది. కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వస్తే ఆ రోజు బండి తీయొద్దు.

ముందు రోజు రాత్రే బండి సిద్ధం చేసుకోండి. నీళ్ళ ట్యాంకు నిండా నింపనక్కర్లేదు. లీటరు నీళ్ళంటే కిలో బరువు. నలుగురికి ఒక పూట వాడకానికి 60 లీటర్లు చాలు, తాగే నీళ్ళు వేరే క్యాన్‌లో పెట్టుకోండి. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1.2 యూనిట్ల కరెంటు. కిలోవాటు లాగే ఏసీ వేస్తే గంటకే అయిపోతుంది, కాబట్టి దాన్ని ఫ్యానుకీ ఫ్రిజ్‌కీ దాచుకోండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం దాటి వాడకూడదు, పాడైపోతుంది. నేల నుంచి బండి కప్పు మీది సోలార్ పలక పైఅంచు దాకా టేపుతో కొలిచి, ఆ ఎత్తుని స్టీరింగ్ ఎదురుగా అంటించండి. ఊళ్ళలో ఇంటింటికీ లాగిన సర్వీసు వైర్లు నడిరోడ్డు మీద జారి ఉంటాయి. అనుమానం వస్తే ఒకరు దిగి చూడాలి. కర్రతో వైరు ఎత్తడం మాత్రం వద్దు, వెనక్కి తిప్పేయండి.

ఏడింటికల్లా శ్రీకూర్మం చేరండి. బండిని ఊరి బయట విశాలమైన చోట ఆపి గుడికి నడవండి. గుడి వీధిలోకి తెస్తే తిప్పుకోలేరు. ఇక్కడ స్వామిది పడమటి ముఖం, ధ్వజస్తంభాలు రెండు. ప్రాకారం గోడల మీది బొమ్మలకు చెయ్యి తగలనివ్వకండి. రంగు పొరలు పొరలుగా రాలిపోయే స్థితిలో ఉంది.

నూర్పుళ్ళ కాలంలో ఈ దారిలో రోడ్డు మీదే వరిగడ్డి పరుస్తారు. అది బండి కింద చుట్టుకుని, వేడెక్కిన సైలెన్సర్‌కి తగిలితే అంటుకుంటుంది. గడ్డి దాటిన వెంటనే ఆపి, వంగి చూసి, కర్రతో లాగేయండి.

శాలిహుండం తొమ్మిదిన్నరకి. మధ్యాహ్నం అయితే కొండ మీద ఇటుకలు కాలిపోతాయి, పైగా నీడ తక్కువ. కింద బండిని గేరులో ఉంచి, చక్రాలకు రాళ్ళు పెట్టి ఎక్కండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చారు. పైన ఒక స్తూపం పునాది బండి చక్రంలా ఉంటుంది: నడుమ ఇరుసు దూరే కుంభంలాంటి గుండ్రటి భాగం, చుట్టూ చక్రపు ఆకుల్లా ఇటుక గోడలు. గోడల మధ్య ఖాళీని మట్టితో నింపితే తక్కువ ఇటుకతోనే పెద్ద గుండ్రటి కట్టడం నిలబడుతుంది. దాన్ని పైనుంచి కాసేపు చూస్తేనే కట్టినవాళ్ళ లెక్క తెలుస్తుంది. ఉత్తరాన వంశధార కనిపిస్తుంది.

భోజనానికి చింత, మామిడి నీడ చూసుకోండి. కొబ్బరి చెట్టు కింద ఆపితే ఒక్క కాయ చాలు, సోలార్ పలక పగలడానికి. వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలకు దిగుతుంది. అందుకే అడుగున ఉండే గాలి కంతకి చాప అడ్డం వేయొద్దు. గాలి వీచే వైపు తలుపు మూసి, అవతలి తలుపు తెరిచి వండితే మంట ఆరిపోదు.

కళింగపట్నంలో తారు రోడ్డు దాటి ఇసుకలోకి దించకండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంటుంది. ఆపి, చక్రాల ముందు ఇసుక తోడి, టైర్లలో మూడో వంతు గాలి తీసి, కొబ్బరిపీచు పట్టాలు వేసి, రెండో గేరులో నెమ్మదిగా రండి. తారెక్కగానే చిన్న కంప్రెసర్‌తో గాలి నింపేయాలి.

లైట్‌హౌస్‌లోకి సందర్శకులను పంపేది నిర్ణీత గంటల్లోనే. వచ్చీ రాగానే గేటు దగ్గర అడిగి, ఆ తర్వాతే బీచ్‌కి వెళ్ళండి. డిసెంబరులో సూర్యుడు 5:20కే దిగిపోతాడు. చీకటి పడేదాకా ఉండి, వాచీ పట్టుకుని మెరుపుకీ మెరుపుకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. ఒక దీపం లెక్క పక్క దీపానికి ఉండదు. చీకట్లో తామెక్కడున్నారో నావికులు దాన్ని బట్టే గుర్తుపడతారు.

వాడిన నీళ్ళు ఇసుకలో వదలొద్దు, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమిది. సముద్రపు ఉప్పుకి తుప్పు పట్టకుండా మర్నాడే బండి అడుగు భాగం, బ్రేకులు, ఏసీ రేకులు మంచినీళ్ళతో కడగండి. ఏసీ రేకుల మీద ధార గట్టిగా కొడితే వంగిపోతాయి, మగ్గుతో పోస్తే చాలు.