దసరా ప్రోగ్రాముల ముందు ట్రెమొలో బ్రిడ్జి విప్పేవాళ్లకు

మొన్న కవిటి వైపు నుంచి ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని ఇచ్ఛాపురంలో మా షాపుకొచ్చాడు. కంటి కింద కట్టు. వెనక మూత విప్పి, తీగలు బిగిసి ఉండగానే కటింగ్ ప్లేయర్‌తో స్ప్రింగు ఊడదీయబోయాడట. అది జారి ఎగిరి మొహాన తగిలింది. అదృష్టం కొద్దీ కన్ను దక్కింది. ట్రెమొలో బ్రిడ్జి మాత్రం దక్కలేదు. అంటే తీగలు ఆనే పలక, బార్ అనే కడ్డీ నొక్కితే ఊగి శ్రుతి మార్చేది. స్ప్రింగు కంటే ముందే పోస్టులు, అంటే బ్రిడ్జి ఆనే రెండు లావు స్క్రూలు, తిప్పేశాడు.

ఈ రోజుల్లో ఇలాంటివి వస్తూనే ఉంటాయి. నవరాత్రులంటే సోంపేట నుంచి బరంపురం దాకా రోజూ ఎక్కడో ఒకచోట స్టేజీ ఉంటుంది. అవి అయ్యాక చర్చిల్లో క్రిస్మస్ ప్రాక్టీసు. ఏడాదంతా మూలన పడున్న గిటార్‌కి సెట్టింగ్ చేయాలని ప్రోగ్రాము ముందు రోజు రాత్రే గుర్తొస్తుంది. తీగలెలా వేయాలో, ట్యూనర్ ఎలా వాడాలో మీకు తెలిసే ఉంటుంది కాబట్టి అవి వదిలేస్తున్నా.

పోస్టులు

రెండు పోస్టులకు ఆనే బ్రిడ్జి అయినా, ఫ్లాయిడ్ రోజ్ (మెడ పైకొసన తీగలు ఆనే నట్ దగ్గర కూడా తీగల్ని లాకు చేసే రకం) అయినా ఒకటే మాట: తీగలు బిగిసి ఉండగా పోస్టులు తిప్పొద్దు. ఎత్తు పెంచాలన్నా, తగ్గించాలన్నా, పావు చుట్టే కదా అనిపించినా సరే.

మామూలు శ్రుతిలో 9 సెట్టు (అన్నిటికంటే సన్న తీగ 0.009 అంగుళం) తీగలు ఆరూ కలిసి దాదాపు 38 కిలోల బలంతో లాగుతాయి. 10 సెట్టయితే దాదాపు 47. తీగలు ఒకవైపు, స్ప్రింగులు ఇంకోవైపు లాగి బ్రిడ్జిని తేల్చి ఉంచుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండూ లాగేది గిటార్ మెడ వైపుకే. తీగలు ప్లేటుని పైనుంచి, స్ప్రింగులు ప్లేటు కింద ఉండే లోహపు దిమ్మని, అంటే బ్లాకుని, కిందనుంచి. ఆ రెండు లాగుళ్ల భారమూ పడేది బ్రిడ్జి ముందంచు పోస్టుకి ఆనే సన్నని చోట. ఆ అంచు చాకు అంచులా చెక్కి ఉంటుంది. అంత ఒత్తిడిలో పోస్టు తిప్పితే ఆ పదును నలిగిపోతుంది.

పైకి చూస్తే ఏమీ తెలియదు. ప్లేటు తీసి అంచు మీద గోరు మెల్లగా నడపండి. పోస్టు ఆనే చోట గోరు టక్కున ఆగిందంటే పని అయిపోయినట్టే. వెలుతురులోకి వంచితే అక్కడ పూత లేచి ఇనుము మెరుస్తుంటుంది. ఇక బార్ నొక్కి వదిలిన ప్రతిసారీ బ్రిడ్జి ఒక్కోచోట ఆగుతుంది, శ్రుతి ఒక్కోలా పలుకుతుంది. అప్పుడు మనవాళ్లు పైన తీగలు బిగించే కీలు మారుస్తారు, నట్ మారుస్తారు, ఖరీదైన తీగలు వేస్తారు. జబ్బు అక్కడ లేదు. ఆకురాయితో అరగదీసినా పదును రెండువైపులా సమానంగా రావడం కష్టం. చాలాసార్లు ప్లేటు మార్చాల్సిందే. చవక గిటార్లలో చెక్క మెత్తన కాబట్టి పోస్టు దిగిన లోహపు గొట్టం (బుష్) కూడా ముందుకు ఒరుగుతుంది.

ఫ్లాయిడ్ అయితే ముందు నట్ లాకులు విప్పండి. ఆరు తీగలూ వేలాడేంత వదులు చేయండి. అప్పుడు స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి కూర్చోబెడతాయి కాబట్టి పాలిష్ గీరుకోకుండా కింద మెత్తని బట్ట పెట్టండి. పోస్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, ఎత్తు చూడండి. కుదరలేదా? మళ్లీ వదులు చేయండి. విసుగే, అయినా అంతే.

1954లో స్ట్రాటోకాస్టర్‌తో వచ్చిన ఆరు స్క్రూల బ్రిడ్జికీ ఇదే నియమం. అందులో ఇంకో తప్పు కూడా చేస్తారు: ఆరు స్క్రూలనూ ప్లేటుకి బిగదీస్తారు. ప్లేటు ఊగడానికి చోటుండదు, బార్ నొక్కినప్పుడల్లా స్క్రూలు చెక్కని పెకలిస్తాయి. స్క్రూ తలకీ ప్లేటుకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు సందు వదలండి.

స్ప్రింగులు, క్లా

క్లాని, అంటే స్ప్రింగుల రెండో కొస తగిలించే లోహపు పట్టీని, పట్టుకునే రెండు పొడవాటి స్క్రూలు నేరుగా చెక్కలోకి దిగి ఉంటాయి. బ్రిడ్జి వంపు మార్చాలంటే తీగలు కొంచెం దించి, రెండిటినీ అర చుట్టు చొప్పున తిప్పండి. క్లాకి టంకం వేసిన వైరుంటుంది, తీగలన్నిటికీ ఎర్త్ అదే. అది ఊడితే స్టేజీ మీద గుయ్యిమంటూనే ఉంటుంది. స్ప్రింగు తీయాలంటే తీగలు పూర్తిగా వదిలేసి, క్లా స్క్రూలు సడలించి, పైన గుడ్డ కప్పి తీయండి. కళ్లద్దాలు తప్పనిసరి.

9 సెట్టుకి సాధారణంగా మూడు స్ప్రింగులు చాలు. 10 వేస్తే ముందు క్లా బిగించి చూడండి, చాలకపోతేనే నాలుగోది. తీగల సైజు మారిందంటే సెట్టింగంతా మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి సైజు ముందే తేల్చుకోండి. స్ట్రాట్ బ్రిడ్జి వెనకంచు కింద మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే బాగుంటుంది. ఫ్లాయిడ్ ప్లేటు గిటార్ బాడీకి సమాంతరంగా ఉండాలి.

కొత్త బ్రిడ్జి కొనేముందు

పోస్టుల మధ్య దూరం, లేదా స్క్రూల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవండి. బ్లాకు లోతు కూడా. సన్నని బాడీలో పెద్ద బ్లాకు వెనక్కి పొడుచుకొస్తుంది. ఫొటో చూసి ఆర్డర్ పెట్టొద్దు.

పాత రంధ్రం వదులైతే గట్టి చెక్క పుల్లని జిగురుతో దింపి, ఒక రోజు ఆరనిచ్చి, సన్న డ్రిల్‌తో కొత్త రంధ్రం వేయండి. అగ్గిపుల్ల దోపి స్క్రూ బిగిస్తే రెండు పాటలకి ఊడుతుంది.

తీగలన్నీ ఒకేసారి తీయొద్దు. తీయక తప్పదంటే బ్లాకుకి మెడ వైపున్న సందులో చెక్క ముక్క అడ్డం పెట్టండి.

ఒక తీగ బిగిస్తే మిగతా ఐదూ దిగుతాయి. కంగారు పడొద్దు. ఆరింటినీ మళ్లీ మళ్లీ తిరిగి రండి.

నట్ లాకు వేసి ఉండగా పైన కీలు తిప్పొద్దు. తీగ నట్ వెనకే తెగుతుంది.

ఫ్లాయిడ్ లాకులకి 3 మిల్లీమీటర్ల అలెన్ కీ. అంగుళాల సెట్టులోది దూరుతోంది కదా అని వాడొద్దు, స్క్రూ తల గుండ్రమైపోతుంది.

కొబ్బరినూనె వద్దు. ఉద్దానం వాళ్లం, జుట్టు నుంచి గేటు కీలు దాకా అన్నిటికీ అదే రాస్తాం, తెలుసు. ఇక్కడ వద్దు. దుమ్ము పట్టి జిగటవుతుంది. నట్ గాడుల్లో పెన్సిల్ ముల్లు రుద్దండి చాలు.

సముద్రం పక్క ఊళ్లవాళ్లు వెనక మూత తీసి చూడండి. తుప్పు పట్టిన స్ప్రింగు పారేయండి.

ప్రోగ్రాము రోజు కొత్త తీగలు వేయొద్దు. రెండు రోజుల ముందే వేసి, లాగి, శ్రుతి నిలబెట్టండి.

తేలే బ్రిడ్జి మీద ఒక తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి పైకెక్కుతాయి. ఇంకో గిటార్ సిద్ధంగా ఉంచుకోండి.

బండి మీద తీసుకెళ్లేటప్పుడు బార్ ఊడదీయండి.

పోస్టులు తిప్పబోతున్నారా? తీగలు వదులు చేశారా? లేదా? అలెన్ కీ కింద పెట్టండి.

పాటకీ పాటకీ మధ్య ఎత్తు సరిచేయొద్దు. అసలు స్టేజీ దగ్గర సరిచేయొద్దు. ‘ఇటివ్వరా, రెండు నిమిషాల్లో సెట్ చేసేస్తా’ అని వచ్చే ఫ్రెండు చేతికి గిటార్ ఇవ్వొద్దు. వాడు తీగలు వదులు చేయడు.