కథ లేని మూకీ చిత్రాన్ని చూడటం, వినడం ఎలా

కథ లేని మూకీ చిత్రం చూడటానికి కూర్చున్నవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది, తెర మీద ఎవరిని పట్టుకుని సాగాలో తెలియకపోవడం. తరువాత ఏం జరుగుతుందన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఈ దృశ్యం వెంటనే ఆ దృశ్యాన్ని ఎందుకు పెట్టారని అడగడం మొదలుపెడితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఈ అభ్యాసానికి జిగా వెర్తోవ్ 1929లో తీసిన సోవియట్ చిత్రం 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'ను మించినది నాకు కనబడలేదు. ఇందులో నటులు, సెట్లు, స్క్రిప్టు, నడుమ వచ్చే అక్షరాల కార్డులు ఉండవని చిత్రం ఆరంభంలోనే ప్రకటిస్తుంది. మాస్కో, కీవ్, ఒడెస్సా వంటి నగరాలలో తీసిన దృశ్యాలు కలిసి ఒకే నగరపు ఒక రోజులా కనబడతాయి.

మొదటిసారి కనీసం ఇరవై నిమిషాల పాటు శబ్దం పూర్తిగా ఆపి చూడండి. మూకీలకు విడిగా జతచేసే సంగీతం ఉంటే ఏ దృశ్యానికి ఏమనిపించాలో అదే ముందుగా చెప్పేస్తుంది, షాట్ల మధ్య అతుకులను కూడా కప్పేస్తుంది. షాటు మారిన ప్రతిసారీ బల్ల మీద వేలితో ఒక్కసారి తట్టండి. నిద్రలో ఉన్న నగరాన్ని చూపే తొలి దృశ్యాలలో నెమ్మదిగా పడే ఆ దెబ్బలు, మనుషులు లేచి యంత్రాలు తిరగడం మొదలైన కొద్దీ దగ్గరపడతాయి. చిత్రానికి సొంత లయ ఉందని మాటలతో చెప్పించుకోవడం కంటే ఇలా వేలికొసన తెలుసుకోవడం మేలు.

ఇక దగ్గరగా చూడవలసిన ఘట్టం ఒకటుంది. బండిని లాగుతూ పరుగెత్తుతున్న గుర్రం ఉన్నట్టుండి తెర మీద బొమ్మలా ఆగిపోతుంది. ఆ వెంటనే బండిలోని స్త్రీలు, వీధిలోని జనం నిశ్చలచిత్రాలుగా మారతారు. పిల్లల ముఖాలు అంచుల రంధ్రాలతో సహా ఫిల్మ్ ముక్కలుగా కనబడతాయి. ఎడిటర్ ఎలిజవేతా స్విలోవా తన బల్ల దగ్గర ఆ ముక్కలను పరీక్షిస్తుండగా, వాటిలోని ముఖాలు మళ్లీ కదులుతాయి. కదలిక అనేది ఎక్కడ పుడుతుందో ఇంత సూటిగా చూపిన ఘట్టాలు అరుదు. బీరు గ్లాసులో నిలబడిన కెమెరామన్, రెండుగా మడతపడే మాస్కో నాటకశాల బొల్షోయ్ థియేటర్ కూడా ముచ్చటగొలిపేవే కానీ, నా మనసు ఈ గుర్రం దగ్గరే నిలిచిపోతుంది.

తరువాత ఇదే ఘట్టాన్ని రెండు వేర్వేరు సంగీతాలతో చూడండి. సంగీతకారుల కోసం వెర్తోవ్ రాసిపెట్టిన సూచనల ఆధారంగా మూకీ చిత్రాలకు సంగీతం వాయించే అమెరికన్ బృందం అల్లాయ్ ఆర్కెస్ట్రా 1995లో ఒక సంగీతాన్ని కూర్చింది. బ్రిటిష్ స్వరకర్త మైకేల్ నైమన్ 2002లో మరొకటి కూర్చారు. గుర్రం ఆగినప్పుడు సంగీతం తానూ ఆగుతోందా, పట్టించుకోకుండా సాగిపోతోందా అన్నది గమనించండి. ఆగితే ఆ నిశ్చలత ఒక దెబ్బలా తగులుతుంది; సాగితే కాలం నడుస్తూనే ఉన్నట్టు, బొమ్మ మాత్రమే చిక్కుకున్నట్టు అనిపిస్తుంది. ప్రతి కదలికకూ ఒక దెబ్బ వేసే సంగీతం త్వరగా అలసట తెస్తుంది. నాలుగైదు షాట్ల మీదుగా ఒకే స్వరధారను నిలిపే సంగీతమే నాకు నచ్చుతుంది.

చివరి భాగంలో ఒక వ్యక్తి చెంచాలతో, సీసాలతో వాయిస్తాడు. అక్కడికి రాగానే మళ్లీ శబ్దం ఆపేసి, వాయించే చేతులూ వింటున్నవారి నవ్వుముఖాలూ ఒకదాని మీద ఒకటి కలిసిపోతున్న ఆ షాట్లలో తాళం మీకు వినబడుతోందేమో చూడండి.