పన్ను పీకించుకునే ముందు గుండె సంగతి చెప్పండి

ఇంట్లో ఎవరికైనా గుండె వాల్వ్ మార్చి ఉంటే, పన్ను పీకించుకోవడానికో చిగుళ్లు క్లీన్ చేయించుకోవడానికో వెళ్లినప్పుడు ఆ మాట ముందే డెంటిస్టుకు చెప్పండి, ఆపరేషన్ కాగితాలూ చూపించండి. చిగుళ్లలోంచి రక్తం వచ్చినప్పుడు నోట్లోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి కృత్రిమ వాల్వ్ మీద చేరితే ఎండోకార్డైటిస్ అనే ఇన్ఫెక్షన్ రావచ్చు, అది ప్రాణం మీదికే తెస్తుంది. అందుకే అరగంట నుంచి గంట ముందు ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తారు, పెద్దవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు. పెన్సిలిన్ పడదా? చెప్పండి, వేరే మందు ఇస్తారు. సొంతంగా మాత్రం కొని వేసుకోవద్దు.

ఇంకోటి, రక్తం పలచబడటానికి వాడే మాత్రలు పన్ను కోసమని మీ అంతట మీరు ఆపేయకండి, వాల్వ్ దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గుండె డాక్టరును అడిగాకే ఏదైనా.