బెంగళూరు ఫ్లాట్‌లో సెయింట్ బెర్నార్డ్ ఉంటే బొచ్చు ఇలా చూసుకోండి

మార్చి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని కుక్కని గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్ళి గుండు కొట్టించడం, పాపం ఉక్కపోస్తుందని. దయచేసి ఆ పని చెయ్యకండి. సెయింట్ బెర్నార్డ్‌కి రెండు పొరల బొచ్చు ఉంటుంది, పైన పొడుగ్గా ఉండేది ఒకటి, లోపల దూదిలా ఉండే అండర్‌కోట్ ఇంకోటి. పైది ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది, మొదలంటా తీసేస్తే కొన్నిటికి మళ్ళీ సరిగ్గా రాదు, వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది. గాలి ఆడనివ్వనిది లోపలి పొరే, రాలిన బొచ్చు బయటికి రాకుండా అక్కడే ఇరుక్కుపోతుంది, దాన్ని దువ్వి తీసెయ్యాలి.

వారానికి మూడు నాలుగుసార్లు దువ్వండి, బొచ్చు బాగా రాలే రోజుల్లో అయితే రోజూ. పైపైన దువ్వితే మెరుస్తుంది గానీ లోపల అలాగే ఉంటుంది. పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకుని, చర్మం కనపడేలా పాయలు తీస్తూ స్లికర్ బ్రష్ (సన్నటి వైరు పళ్ళుండే బ్రష్)తో దువ్వాలి, తర్వాత స్టీల్ దువ్వెన, అది ఎక్కడా తట్టుకోకుండా జారితే ఆ చోటు అయిపోయినట్టే. చెవుల వెనక, చంకల్లో, వెనక తొడల మీద, తోక కింద ఎక్కువ ఉండలు కడతాయి. ఉండని లాగొద్దు. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్ళతో విడదీయండి, అప్పటికీ రాకపోతే చర్మానికీ ఉండకీ మధ్య దువ్వెన పెట్టి దాని పైనుంచే కత్తెర వెయ్యండి, ఎందుకంటే చర్మం కూడా ఉండతో పాటే పైకి లేచి ఉంటుంది, చూసుకోకపోతే అదే తెగుతుంది.

స్నానానికి ముందే దువ్వడం అయిపోవాలి, తడిస్తే ఉండలు ఇంకా బిగుస్తాయి. నెలకో నెలన్నరకో ఒకసారి చాలు. డాగ్ షాంపూని మగ్గు నీళ్ళలో కలిపి పొయ్యండి, అలాగే పోస్తే పైనే నురగొస్తుంది తప్ప లోపలికి దిగదు. మనం వాడే షాంపూ వద్దు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అయితే కడగడానికి ఇంకో రెండు బకెట్లు ఎక్కువ పెట్టుకోండి.

ఆరబెట్టడం దగ్గరే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నన్నడిగితే ఈ ఊళ్ళో ఎండ కంటే తడితోనే ఎక్కువ తిప్పలు, సెప్టెంబర్ అక్టోబర్‌లలో రోజూ సాయంత్రం వాన, వాకింగ్‌కెళ్ళి తడిసొస్తుంది, పైన టవల్‌తో తుడిచి వదిలేస్తాం, లోపల రాత్రంతా తడే. ఆ తడికి చర్మం ఎర్రబడి, అది గోక్కుని నాక్కుని, హాట్‌స్పాట్, అంటే పచ్చి పుండు అవుతుంది. పెట్ బ్లోయర్ ఒకటి కొనుక్కోండి, మన హెయిర్ డ్రయ్యర్ వేడికి చర్మం కాలొచ్చు. చెవులు వేలాడతాయి కాబట్టి అవి కూడా తుడిచి చూడండి, వాసనొస్తే డాక్టర్ దగ్గరికే. దువ్వేటప్పుడే వేళ్ళ సందుల్లో పిడుదులు చూసుకోండి, టిక్ ఫీవర్ ఇక్కడ మామూలే, మందు డాక్టర్‌ని అడిగి నెల నెలా మానకుండా వాడండి.

సెయింట్ బెర్నార్డ్ ఆల్ప్స్‌లో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గరి మఠంలో పెరిగిన జాతి. తమాషా ఏంటంటే అక్కడ మంచులో చిక్కుకున్నవాళ్ళని కాపాడే రెస్క్యూ పనికి పొడుగు బొచ్చు రకం పనికిరాలేదు, ఆ బొచ్చుకి మంచు అంటుకుని గడ్డకట్టేది. మన దగ్గర ఏప్రిల్, మేలో వాకింగ్ పొద్దున ఆరింటికే ముగించండి, పగలు ఫ్యాన్ కింద గచ్చు మీద పడుకోనివ్వండి. టైల్స్ మీద జారితే తుంటి కీళ్ళు పాడవుతాయి, అది తిరిగే దారిలో రబ్బర్ మ్యాట్లు వెయ్యండి. మగది 64 నుంచి 82 కిలోలు పెరుగుతుంది, లిఫ్ట్ పాడైతే ఎత్తుకుని దిగడం అనే మాటే లేదు, కింది ఫ్లోర్ దొరికితే అదే తీసుకోండి. జొల్లుకి మాత్రం మందు లేదు, గదికో పాత టవల్, అంతే.

తిండి రెండు పూటలుగా విడగొట్టి పెట్టండి, తిన్నాక ఓ గంటన్నా పరిగెత్తనివ్వొద్దు. పొట్ట ఉబ్బి, వాంతి రాబోయి రానట్టు చేస్తూ, ఒక చోట నిలవలేకపోతుంటే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు పట్టకండి, అది కడుపు మెలిపడే బ్లోట్, గంటల్లో ప్రాణం పోతుంది. రాత్రి కూడా తెరిచుండే పెట్ హాస్పిటల్ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి, దీన్ని పడుకోబెట్టి తీసుకెళ్ళేంత బండి ఎవరి దగ్గరుందో కూడా ముందే కనుక్కోండి, ఆటోలో పట్టదు.